కడుపులో క్రిమి - రక్తంలో సాక్ష్యం



వార్షికోత్సవ సంచికకు మీరు చదువుకున్న సబ్జెక్టు గురించి అందరికీ అర్థమయ్యేలా ఏదైనా రాయండి అన్నారు. మేము మైక్రోబయాలజీలో పీజీ చేశాం. మా ఇళ్ళల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి తరం మేమే. అందుకని ఊళ్ళో ఎవరికి ఏ డాక్టరు కాగితం వచ్చినా "చదువుకున్నావు గదా, ఇందులో ఏముందో చూసి చెప్పు" అని మా చేతిలో పెడతారు. అలా మా చేతికి వచ్చిన కాగితాల్లో తరచుగా కనబడేది ఒకటుంది. "హెచ్. పైలోరి ఐజీజీ - పాజిటివ్" అని రాసి ఉండే రక్తపరీక్ష రిపోర్టు.

ఆ ఒక్క మాట చూసి కొందరు కడుపులో పురుగు పడిందని భయపడతారు. కొందరు క్యాన్సరేమోనని నిద్రపోరు. కొందరు మందులు వాడిన తర్వాత కూడా పాజిటివ్ అనే వచ్చిందని మళ్ళీ అదే కోర్సు మొదలుపెడతారు. ఆ పరీక్ష దేన్ని కొలుస్తుంది, ఎలా కొలుస్తుంది, ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్న నాలుగు సంగతులు తెలిస్తే ఈ భయమూ ఉండదు, ఈ ఖర్చూ ఉండదు. వాటినే ఇక్కడ వివరిస్తాం.

ముందుగా ఆ క్రిమి కథ

కడుపులో మంటకు, అల్సర్‌కు కారణం కారం ఎక్కువ తినటం, వేళకు తినకపోవటం, మనసులో దిగులు పెట్టుకోవటం అని చాలాకాలం డాక్టర్లు కూడా నమ్మారు. జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుందని మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. అంత ఆమ్లంలో ఏ బాక్టీరియా బతుకుతుంది అని అందరి వాదన.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు, రోగుల జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తూ మెలికలు తిరిగిన బాక్టీరియాను గమనించారు. జీర్ణాశయం లోపలి పొర వాచిన చోటే అవి కనబడేవి. 1981లో బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో చేరారు. ఆ బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదు. రెండు రోజులు చూసి ప్లేట్లు పారేసేవారు. 1982 ఏప్రిల్లో ఈస్టర్ సెలవులు రావటంతో ప్లేట్లు ఇంక్యుబేటర్లో ఎక్కువ రోజులు ఉండిపోయాయి. సెలవుల తర్వాత తీసి చూస్తే వాటిమీద బాక్టీరియా పెరిగి ఉంది. అది నిదానంగా పెరిగే రకమని అప్పుడు తెలిసింది.

అయినా ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజుల్లో వాంతులు, కడుపులో ఇబ్బంది మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం వాచి ఉంది, అందులో ఆ బాక్టీరియా ఉంది. (తమ్ముళ్ళూ, ఇది చదివి ఎవరూ అలాంటి ప్రయోగం చేయకండి!) ఆ బాక్టీరియాకు 1989లో హెలికోబాక్టర్ పైలోరి అనే పేరు స్థిరపడింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని జీర్ణాశయ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. 2005లో వారెన్, మార్షల్ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆమ్లంలో అది ఎలా బతుకుతుంది? దాని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంది. కడుపులో ఉండే కొద్దిపాటి యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది. అమ్మోనియా క్షారం కాబట్టి చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఈలోగా తోకల్లాంటి కశాభాలతో ఈదుకుంటూ, జీర్ణాశయం గోడమీద ఉండే జిగురు పొరలోకి దూరి అక్కడ కాపురం పెడుతుంది. మందు వాడకపోతే చాలామందిలో జీవితాంతం అలాగే ఉండిపోతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

కొత్త క్రిమి ఒంట్లోకి వస్తే మన రక్తంలోని బి-లింఫోసైట్లు దాన్ని గుర్తుపట్టి దానికి సరిపోయే ప్రోటీన్లు తయారుచేస్తాయి. వాటినే యాంటీబాడీలు (ప్రతిరక్షకాలు) అంటాం. క్రిమి మీద ఉండి వీటిని పుట్టించే భాగాలు యాంటీజెన్లు (ప్రతిజనకాలు). తాళానికి తాళంచెవి ఎలాగో యాంటీజెన్‌కు యాంటీబాడీ అలాగ. ఒకదాని చెవి మరొకదానికి సాధారణంగా పట్టదు.

యాంటీబాడీల్లో రకాలున్నాయి. మొదట వచ్చేది ఐజీఎం, కొంతకాలానికి తగ్గిపోతుంది. తర్వాత వచ్చేది ఐజీజీ, ఇది రక్తంలో ఎక్కువకాలం ఉంటుంది. ఐజీఏ అనేది లాలాజలంలో, పేగుల్లో, జిగురు పొరల్లో ఎక్కువగా ఉంటుంది, రక్తంలోనూ కొంత దొరుకుతుంది. హెచ్. పైలోరి సాధారణంగా చిన్నప్పుడే వచ్చి ఏళ్ళ తరబడి ఉండే క్రిమి కాబట్టి ఐజీఎం కొలిచినా పెద్దగా ఉపయోగం లేదు. ల్యాబుల్లో ముఖ్యంగా కొలిచేది ఐజీజీ.

యాంటీబాడీలు ఉన్నాయంటే రక్షణ ఉన్నట్టే కదా అని మీకు అనుమానం రావచ్చు. తట్టు విషయంలో అది నిజం. హెచ్. పైలోరి విషయంలో కాదు. క్రిమి ఉండేది కడుపులోని జిగురు పొరలో, ఐజీజీ తిరిగేది రక్తంలో. కాపలావాళ్ళు ఊరంతా తిరుగుతుంటే దొంగ అటకమీద పడుకున్నట్టు ఉంటుంది పరిస్థితి. యాంటీబాడీలు పుడతాయి గానీ క్రిమిని వెళ్ళగొట్టలేవు. అందువల్ల ఇక్కడ అవి రక్షణ కంటే సాక్ష్యంగానే మనకు పనికొస్తాయి.

సాక్ష్యాన్ని కొలిచే ఎలైజా

యాంటీబాడీ కంటికి కనబడదు. కనబడని దాన్ని రంగుగా మార్చి చూపించే పద్ధతే ఎలైజా. 1971లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో పీటర్ పెర్ల్‌మాన్, ఎవా ఎంగ్వాల్ దీన్ని రూపొందించారు. అదే కాలంలో నెదర్లాండ్స్‌లో షూర్స్, వాన్ వీమెన్ అనే శాస్త్రవేత్తలు కూడా విడిగా ఇదే దారిలో ఇలాంటి పద్ధతి కనిపెట్టారు. ఎవా ఎంగ్వాల్ అప్పటికింకా పరిశోధక విద్యార్థిని. ఇది మన చెల్లెళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

అరచేతి అంత ప్లాస్టిక్ ప్లేటు. అందులో 8 వరసలు, 12 నిలువులు, మొత్తం 96 చిన్న గుంటలు. పని ఇలా సాగుతుంది.

మొదటి మెట్టు: హెచ్. పైలోరి నుంచి తీసిన యాంటీజెన్లను గుంటల అడుగున అంటిస్తారు. బజార్లో దొరికే కిట్లలో ఈ పని ముందే చేసి ఉంటుంది.

రెండో మెట్టు: ఖాళీగా మిగిలిన చోట్లను ఏ సంబంధమూ లేని ప్రోటీనుతో, అంటే వెన్న తీసిన పాలపొడితోనో, పశువుల రక్తంలోని ఆల్బుమిన్‌తోనో కప్పేస్తారు. లేకపోతే ప్రతి ప్రోటీనూ అక్కడ అతుక్కుని అబద్ధపు రంగు చూపిస్తుంది.

మూడో మెట్టు: మన రక్తం గడ్డకట్టాక పైన తేలే లేత పసుపు ద్రవం, అంటే సీరమ్, తీసుకుని వంద రెట్లో రెండు వందల రెట్లో పలచన చేసి గుంటలో పోస్తారు. హెచ్. పైలోరికి సరిపోయే యాంటీబాడీలు అందులో ఉంటే అడుగున ఉన్న యాంటీజెన్లను పట్టుకుంటాయి. అరగంటో గంటో ఆగి కడిగేస్తారు. పట్టుకోనివన్నీ నీళ్ళతో పోతాయి.

నాలుగో మెట్టు: ఇప్పుడు మనిషి ఐజీజీని పట్టుకునే మరో యాంటీబాడీని పోస్తారు. దీన్ని మేకలోనో కుందేలులోనో తయారుచేస్తారు. దీని తోకకు ఒక ఎంజైము కట్టి ఉంటుంది. ఎక్కువగా వాడేది ఆవాల కుటుంబానికి చెందిన హార్స్‌ర్యాడిష్ అనే మొక్క వేరు నుంచి తీసిన పెరాక్సిడేజ్. మళ్ళీ కడుగుతారు.

ఐదో మెట్టు: రంగునిచ్చే ద్రవం పోస్తారు. ఎంజైము ఉన్న గుంట నీలంగా మారుతుంది. సరిగ్గా సమయం చూసి పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే చర్య ఆగిపోయి నీలం పసుపవుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో రీడర్ అనే యంత్రం 450 నానోమీటర్ల కాంతితో కొలిచి అంకె ఇస్తుంది.

యాంటీబాడీ ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కన. ప్రాక్టికల్స్‌లో మాకు పదే పదే చెప్పిన మాట: ఎలైజాలో సగం విద్య కడగటంలోనే ఉంది. సరిగా కడగకపోతే ఏమీ లేని గుంట కూడా పసుపెక్కుతుంది. మెస్‌లో పళ్ళెం కడగటానికి బద్ధకించేవాళ్ళు ఈ సబ్జెక్టులోకి వస్తే కష్టమే!

రంగు నుంచి అంకె, అంకె నుంచి పాజిటివ్

యంత్రం ఇచ్చిన అంకెకు దానంతట అదే అర్థం లేదు. ఎండాకాలం గది వేడెక్కినా, ద్రవం పాతబడినా అంకె మారుతుంది. అందుకే ప్రతి ప్లేటులోనూ రోగుల నమూనాలతో పాటు ముందే తెలిసిన నమూనాలు పెడతారు. తప్పకుండా పాజిటివ్ రావలసింది ఒకటి, నెగెటివ్ రావలసింది ఒకటి, ఇన్ని యూనిట్లు అని ముందే నిర్ణయించినవి నాలుగైదు. తెలిసినవాటితో గ్రాఫ్ గీసి, తెలియని దాని విలువ దాని మీద చదువుతారు. ప్రతి నమూనాను రెండేసి గుంటల్లో వేసి రెండూ దగ్గరగా వచ్చాయో లేదో చూస్తారు. పదో తరగతిలో గ్రాఫ్ ఎందుకు గీయిస్తారో మాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

మరో పద్ధతి టైటర్. సీరమ్‌ను 100, 200, 400, 800 రెట్లు అని రెట్టింపు చేసుకుంటూ పలచన చేస్తారు. ఎంతవరకు రంగు కనబడితే అంతే టైటర్.

ఇక అసలు మాట. ఎంత దాటితే పాజిటివ్ అనాలి? ఈ గీత ప్రకృతి గీసింది కాదు, మనుషులు గీసింది. ఎండోస్కోపీతో క్రిమి ఉందని తేలినవాళ్ళ సీరమ్‌లు కొన్ని, లేదని తేలినవాళ్ళవి కొన్ని తీసుకుని, రెండు గుంపులను ఎక్కువగా వేరుచేసే చోట గీత గీస్తారు. గీతను కిందికి జరిపితే క్రిమి ఉన్నవాళ్ళు తప్పిపోరు గానీ లేనివాళ్ళు కూడా ఇరుక్కుంటారు. పైకి జరిపితే దానికి వ్యతిరేకం జరుగుతుంది. మధ్యలో ఎటూ తేలని అంకెలను సందేహం అని రాయాలి. పాస్ మార్కు 35 అయితే 34 వచ్చినవాడికి ఏమీ రాదనీ, 36 వచ్చినవాడికి అన్నీ వచ్చనీ కాదు కదా!

ఒక లెక్క చేద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. ఒక కిట్టు క్రిమి ఉన్న 100 మందిలో 85 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 80 మందిని సరిగా నెగెటివ్ అంటుంది అనుకుందాం. 100 మంది పెద్దవాళ్ళలో 60 మందికి క్రిమి ఉంటే 51 మంది నిజమైన పాజిటివ్, మిగిలిన 40 మందిలో 8 మంది అబద్ధపు పాజిటివ్. అంటే 59లో 8 తప్పు. అదే కిట్టును 20 మందికే క్రిమి ఉన్న 100 మంది పిల్లల్లో వాడితే 17 నిజం, 16 అబద్ధం. దాదాపు సగం తప్పు! కిట్టు మారలేదు, మనుషుల గుంపు మారింది. అందుకే ఒక ప్రాంతం, ఒక వయసు కోసం గీసిన గీతను ఇంకో చోట వాడేముందు అక్కడి జనం మీద సరిచూడాలి. క్రిమి జాతుల్లోనూ ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయి. చిన్నపిల్లల్లో యాంటీబాడీలు తక్కువగా కూడా ఉంటాయి. ఈ కారణాల వల్లే పిల్లల్లో ఈ రోగ నిర్ధారణకు యాంటీబాడీ పరీక్ష వాడవద్దని యూరప్, ఉత్తర అమెరికా పిల్లల వైద్యుల సంఘాలు చెబుతున్నాయి.

వచ్చిన సంతకం ఉంది, వెళ్ళిన సంతకం లేదు

మన హాస్టల్ గేటు దగ్గర చుట్టాల కోసం పెట్టే రిజిస్టర్ గుర్తుందా? వచ్చినప్పుడు అందరూ సంతకం పెడతారు, వెళ్ళేటప్పుడు చాలామంది పెట్టరు. ఆ రిజిస్టర్ చూసి "ఫలానావాళ్ళు వచ్చారు" అని చెప్పగలం. "ఇప్పుడు లోపల ఉన్నారు" అని చెప్పలేం. ఐజీజీ రిపోర్టు సరిగ్గా ఆ రిజిస్టర్ లాంటిదే.

మందులతో క్రిమి పూర్తిగా పోయాక కూడా ఐజీజీ వెంటనే పోదు. నెలల తరబడి నిదానంగా తగ్గుతుంది. కొందరిలో ఏళ్ళ తర్వాత కూడా గీతకు పైనే ఉంటుంది. మా ఊళ్ళో ఒక పెద్దమ్మకు ఇదే జరిగింది. కోర్సు పూర్తిచేసిన నెలకు ఒక ల్యాబ్‌లో మళ్ళీ ఐజీజీ చేయించారు. పాజిటివ్ అనే వచ్చింది. మందు పనిచేయలేదని ఇంకో కోర్సు రాశారు. రెండోసారి వాంతులు, నోట్లో చేదు, కూలికి వెళ్ళలేని రోజులు. ఆమెలో క్రిమి అప్పటికి ఉందో పోయిందో ఆ రిపోర్టు చెప్పనేలేదు. చెప్పలేని దాన్ని అడిగి, అది చెప్పిందనుకుని మందు వేయించారు.

యాంటీబాడీతోనే తగ్గుదల తెలుసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. మందుకు ముందు తీసిన సీరమ్‌ను ఫ్రీజర్‌లో దాచి, ఆరు నెలలకో ఇంకా తర్వాతో తీసిన సీరమ్‌తో కలిపి ఒకే రోజు, ఒకే ప్లేటులో కొలవాలి. సగమో అంతకంటే ఎక్కువో తగ్గితే క్రిమి పోయిందనటానికి మంచి సూచన. పరిశోధనలకు ఇది బాగుంటుంది గానీ ఊళ్ళో రోగికి కుదిరే పని కాదు.

ఇంకో రెండు సంగతులు. అంకె పెద్దదిగా ఉంటే రోగం పెద్దదని కాదు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి కడుపునొప్పికి అదే కారణమనీ కాదు. క్రిమి ఉన్న వాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు, కొద్దిమందికే అల్సర్ వస్తుంది, క్యాన్సర్ ఇంకా తక్కువమందికి. ఒళ్ళునొప్పులకు రోజూ వేసుకునే నొప్పి మాత్రల వల్ల కూడా అల్సర్ వస్తుంది. మన అమ్మానాన్నల విషయంలో ఇది ముందు అడగాల్సిన ప్రశ్న.

మరి ఇప్పుడు క్రిమి ఉందా లేదా తెలియాలంటే?

దానికి వేరే పరీక్షలున్నాయి. మలంలో క్రిమి యాంటీజెన్‌ను వెతికేది ఒకటి. యూరియా తాగించి ఊపిరిని పరీక్షించేది ఇంకొకటి. క్రిమి ఉంటే దాని యూరియేజ్ ఆ యూరియాను విడగొడుతుంది, అందులోని గుర్తుపెట్టిన కార్బన్ ఊపిరిలో బయటికి వస్తుంది. మూడోది ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చూడటం. మందుల కోర్సు పూర్తయిన నాలుగు వారాల తర్వాతే వీటిని చేయించాలి. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి డాక్టరును అడిగి రెండు వారాల ముందు ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపించవచ్చు.

మరి యాంటీబాడీ పరీక్ష దండగా? కాదు. దాని చోటు వేరు. మాత్రల వల్ల అది మారదు. అల్సర్ నుంచి రక్తం కారుతున్నప్పుడు మిగతా పరీక్షలు క్రిమిని తప్పిపోయే అవకాశం ఉంటుంది, అప్పుడు ఐజీజీ సాయపడుతుంది. ఇమ్యునోబ్లాట్ అనే పద్ధతిలో క్రిమి ప్రోటీన్లను విడివిడి గీతలుగా పరిచి, మన సీరమ్ ఏ గీతను పట్టుకుంటుందో చూస్తారు. కాగ్-ఎ అనే ప్రోటీనుకు యాంటీబాడీ ఉంటే అది అల్సర్, క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న రకం క్రిమి అని పరిశోధకులు లెక్కవేస్తారు.

అన్నిటికంటే పెద్ద ఉపయోగం సర్వేల్లో. కరోనా కాలంలో ఐసీఎంఆర్ వాళ్ళు జిల్లాల్లో రక్తం తీసి ఎంతమందికి యాంటీబాడీలు వచ్చాయో చెప్పటం మీకు గుర్తుండే ఉంటుంది. అదే పని హెచ్. పైలోరి విషయంలోనూ చేస్తారు. హైదరాబాదులో చిన్నపిల్లల నుంచి పెద్దల వరకు రక్తం పరీక్షించిన ఒక అధ్యయనం 1991లో అచ్చయింది. వయసు పెరిగేకొద్దీ పాజిటివ్‌లు పెరిగి, పెద్దవాళ్ళలో ఎక్కువమందికి యాంటీబాడీలు కనబడ్డాయి. ప్రపంచం మొత్తం మీద 2015 నాటికి సుమారు 440 కోట్ల మందిలో ఈ క్రిమి ఉన్నట్టు 2017లో వచ్చిన ఒక అంచనా. ఒక మనిషి గురించి సగం మాటే చెప్పే పరీక్ష, ఒక ఊరి గురించి మాత్రం చాలా చెబుతుంది.

ఆ ఊరి మాట ఏమిటి? ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. ఇరుకు ఇల్లు, ఒకే గదిలో ఆరేడుగురు, మంచి నీళ్ళ కొరత, మరుగుదొడ్డి లేకపోవటం ఉన్నచోట ఎక్కువ. ఇళ్ళు, నీళ్ళు బాగుపడిన దేశాల్లో తరం మారేకొద్దీ తగ్గుతూ వచ్చింది. కాబట్టి పాజిటివ్ అని వచ్చినవాళ్ళు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది వాళ్ళు తిన్న కారం మీద తీర్పు కాదు. వాళ్ళు పెరిగిన ఇంటికి ప్రభుత్వం ఎన్ని గదులు, ఎన్ని కుళాయిలు బాకీ పడిందో చెప్పే సాక్ష్యం.

గుర్తుంచుకోవలసినవి

1. ఐజీజీ పాజిటివ్ అంటే క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని అర్థం. ఇప్పుడు ఉందని రుజువు కాదు.

2. మందుల తర్వాత తగ్గిందో లేదో చూడటానికి ఐజీజీ చేయించకండి. మలపరీక్షో, ఊపిరి పరీక్షో ఎక్కడ చేస్తారో డాక్టరును అడగండి.

3. రిపోర్టు చూసి మందుల షాపులో సొంతంగా యాంటీబయాటిక్స్ కొనకండి, మధ్యలో ఆపకండి. ఈ క్రిమి ఇప్పటికే కొన్ని మందులకు లొంగటం లేదు. క్లారిత్రోమైసిన్‌కు లొంగని రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరమైన క్రిముల జాబితాలో పెట్టింది.

4. నల్లటి మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గటం, మింగటానికి కష్టం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రక్తపరీక్షతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళండి.

5. తినేముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో వార్డెన్ గారిని అడగండి. అడగటం తప్పు కాదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీ ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఒక కాగితం తెచ్చి మీ ముందు పెడతారు. అందులో పాజిటివ్ అనే మాట చదివి చెప్పటం వరకైతే ఏడో తరగతి చదువు చాలు. దేన్ని కొలిచారు, ఎక్కడ గీత గీశారు, ఈ పరీక్షను అడగాల్సిన ప్రశ్నే అడిగారా అని ఆలోచించటానికి మాత్రం సైన్సు కావాలి. మీలో నలుగురైనా బైపీసీ తీసుకుని ఈ దారిలోకి రావాలని కోరుకుంటున్నాం. గ్రాఫ్ పేపర్ కొనుక్కోవటం మరిచిపోకండి.